పేర్ల ఫలకం చెక్కించడం: నాపరాయికి నాలుగు మార్కులు, అక్షరానికి రెండున్నర

నాపరాతి గనుల ఊరు వదిలి బెంగళూరులోనో హైదరాబాదులోనో కుదురుకున్నవాళ్లు పెద్దల దినానికి ఊరొచ్చినప్పుడు చేయించాలనుకునే పని ఒకటుంది. ఇంటిపేరు పైన పెట్టి అబ్బ, అవ్వ, వాళ్లకు ముందువాళ్ల పేర్లు వరసగా చెక్కిన ఫలకం. సమాధి దగ్గర నిలబెట్టేది కావచ్చు, పాత మిద్దె గోడకు తగిలించేది కావచ్చు. తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల పక్కన ఈ పని చేసే చిన్న దుకాణాలుంటాయి. ఏ దుకాణం పేరూ ఇక్కడ చెప్పడం లేదు. పని తీరు ఇంచుమించు ఒకటే, తప్పులూ అవే. అయిదుకు ఎంత అంటే రాయికి నాలుగు, అక్షరానికి రెండున్నర.

ముందు రాయి సంగతి. నాపరాయి పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కాబట్టే గనిలో పలకలుగా లేస్తుంది. రేపు ఫలకం విడిపోయేదీ ఆ పొర దగ్గరే. ఎంచుకునేటప్పుడు పలకను అంచు మీద నిలబెట్టి సుత్తి చెక్కపిడితో తట్టండి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే లోపల పొర వదులైనట్టు. తర్వాత బకెట్ నీళ్లు పోసి ఆరనివ్వండి. అంతా ఆరిపోయినా ఎక్కడైనా నల్లటి గీత తడిగా మిగిలితే అది వెంట్రుక పగులు, ఆ పలక వద్దు. తెల్ల నరం ఉన్న రాయి చూపుకు బాగుంటుంది గానీ అక్షరం సరిగ్గా నరం మీదికొస్తే చెక్కేటప్పుడు పెళుసుగా లేచిపోతుంది.

గోడకైతే అంగుళం మందం చాలు, నేలలో నిలబెట్టడానికి అంగుళన్నరకు తక్కువ వద్దు. మూడడుగులు, రెండడుగుల పలక అంగుళం మందంలో 38 కిలోల దాకా తూగుతుంది. పాత మట్టిగోడకు తగిలిద్దామనుకునేవాళ్లు ఈ బరువు ముందే చూసుకోవాలి.

ఎండావానల్లో ఉండే ఫలకానికి నల్ల గ్రానైటే మేలని దుకాణంలో చెబుతారు. అబద్ధం కాదు. నాపరాయికి ఆ నలుపు నిగనిగ పాలిష్ వల్ల వచ్చేదే. కొన్ని ఎండాకాలాలు గడిస్తే బూడిద రంగుకు తిరుగుతుంది. పులుపు అసలు పడదు: సమాధి మీద పిండిన నిమ్మకాయ, ఒలికిన పెరుగు, తోమిన చింతపండు, అన్నీ తెల్ల మచ్చలు వదులుతాయి. బాత్రూం యాసిడ్‌తో కడిగితే పాలిష్ అక్కడికక్కడే పోతుంది. అయినా తాతలు గనిలో లేపిన రాయి మీదే వాళ్ల పేరుండాలనుకుంటే నాపరాయి తీసుకోండి, కానీ పాలిష్‌ను నమ్ముకుని కాదు, అక్షరం లోతును నమ్ముకుని.

మూడు రకాల చెక్కుడు ఉంది. ఉలితో చేతిచెక్కుడు నాగలి చాలులా లోపలికి వాలుగా దిగుతుంది. ఆ వాలులో నీడ పడుతుంది కాబట్టి రంగు పోయినా చదవొచ్చు. బయట పెట్టే నాపరాయికి ఇదే సరైనది. చేసే చేతులు తగ్గాయి, పనీ నిదానం. రెండోది, ఎక్కువ చోట్ల చేసేది, ఇసుక చెక్కుడు. కంప్యూటర్‌లో కూర్చిన అక్షరాలను రబ్బరు షీటు మీద కత్తిరించి, రాయికి అంటించి, కంప్రెసర్ గాలితో గరుకు పొడి కొడతారు. రబ్బరు లేని చోట రాయి అరుగుతుంది. లోతు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలని చెప్పి, అగ్గిపుల్ల పెట్టి చూసుకోండి. మూడోది లేజర్. నల్ల గ్రానైటు మీద ఫోటో బొమ్మలకు ముచ్చటగా వస్తుంది, అయితే పైపొరను గీకడమే తప్ప లోతుండదు. ఇంట్లో గోడకు సరే, సమాధికి వద్దు.

మార్కులు పోయేది ఇసుక చెక్కుడులోనే, అదీ తెలుగు లిపి దగ్గర. మన అక్షరాల కడుపులో చుక్కలు, గీతలు ఎక్కువ. రబ్బరులో ఏ ముక్క మిగలాలి, ఏది పోవాలి అన్నదే అక్షరం. గాలి తాకిడికి చిన్న ముక్క ఎగిరిపోతే సున్న కాస్తా గుంట అవుతుంది. చుక్క సరిగ్గా తెగకపోతే రఘునాథ రఘునాధ అవుతాడు, సన్నగీత తెగకపోతే శేషయ్య శేపయ్య అవుతాడు. అంగుళం కంటే చిన్న అక్షరాల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే పేర్ల అక్షరం అంగుళానికి తగ్గనివ్వకండి. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసకు రెండంగుళాలు లెక్కేయాలి. ఆ మూడడుగుల పలకను అడ్డంగా పెట్టి చుట్టూ రెండంగుళాలు వదిలితే పది వరసలు, వరసకు పాతిక అక్షరాలు పడతాయి. ఇరవై పేర్లు, తేదీలు, ఒక శ్లోకం, పైన దేవుడి బొమ్మ అంటే కుదరదు. శ్లోకం తీసేయండి.

తప్పు పుట్టే ఇంకో చోటు డీటీపీ బల్ల. మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్, అక్కడ కూర్చేది చాలాసార్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, లేదంటే కుర్రవాడు చూసి మళ్లీ కొడతాడు. ఫోన్ తెరమీద ప్రూఫ్ చూసి సరేననకండి. అసలు సైజులో కాగితం ప్రింటు తీయించి, గోడకు అంటించి, ఆరడుగుల దూరం నుంచి ఇంట్లో పెద్దవాళ్ల చేత పైకి చదివించండి. కడప జిల్లా కలమల్ల గుడిలో రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం, మనకు దొరికిన తొలి తెలుగు శాసనం, క్రీ.శ. 575 నాటిదంటారు. తెలుగు రాతిమీదికి ఎక్కింది ఈ కడప సీమలోనే, ఇక్కడే దీర్ఘాలు పోగొట్టుకోవడం చిన్నతనం కాదూ.

రంగు వేసే వరస కూడా అడగండి. కొట్టాక దుమ్ము ఊది, రబ్బరు ఉండగానే రంగు వేసి, ఆరాక రబ్బరు పీకాలి. ముందే పీకితే అంచులు పాకుతాయి. రాయికి నూనె పూసి మెరిపించాక రంగు వేస్తే పట్టు ఉండదు, పెచ్చులు లేస్తుంది.

ఇక ఏం రాయించాలి. ఇది దుకాణం పని కాదు, కానీ ఫలకం చెడేది ఇక్కడే ఎక్కువ. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, అంతకు ముందు పోయినవాళ్లకు కాగితం దొరకడం అరుదు. పాత పట్టాల్లో, శిస్తు రసీదుల్లో ఫసలీ, అంటే జులైతో మొదలయ్యే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపండి: ఫసలీ 1350 అంటే 1940 జులై నుంచి 1941 జూన్ దాకా. అవ్వలు చెప్పేది సంవత్సరం పేరు. "క్రోధిలో, మాఘంలో పోయినాడు" అంటే 1964 అని రాసేస్తారు. క్రోధి 1964 ఉగాదితో మొదలైంది గనక ఆ మాఘం 1965లో పడుతుంది. అరవయ్యేళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1904-05దా అన్నదీ తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో వన్-బి అనే ఖాతా కాగితం తీస్తే పట్టాదారు, తండ్రి పేరు దొరుకుతాయి. భూమి లేని కూలి కుటుంబాలు అందులో కనిపించవు, గనుల్లో రాయి మోసినవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ. ఆడవాళ్ల పేర్లూ అంతే. కోడళ్ల పుట్టింటి ఊరితో సహా పేర్లు చేర్చాలంటే బతికున్న మేనత్తలను అడగడం తప్ప దారి లేదు. అడుగున మూడంగుళాలు ఖాళీ వదిలించండి. తర్వాత చేర్చాల్సినప్పుడు కొత్త రాయి కొనక్కర్లేదు.

బిగింపులో ఒక్క మాట. సానపట్టిన వెనకవైపు సిమెంటు అంటదు, ఉలితో గరుకు చేయించాలి. నాలుగు మూలల్లో అంచుకు రెండంగుళాలు లోపల రంధ్రాలు చెక్కడానికి ముందే వేయించి, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు వాడండి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే మూల పగులుతుంది. సిమెంటు గనుల పేలుళ్ల అదురు తగిలే ఊళ్లలో సిమెంటు అతుకు ఒక్కదాన్నే నమ్మకండి. తెచ్చేటప్పుడు గడ్డి పరిచి అంచు మీద నిలబెట్టే తేవాలి. ఆటోలో పడుకోబెట్టిన పలక గతుకుల్లో రెండవుతుంది.

దుకాణం ఎంచుకోవడంలో మేం చూసేది ధర కంటే దుమ్ము. మామూలు ఇసుకతో ఆరుబయట, మూతికి తువ్వాలు చుట్టుకుని కొట్టేచోట పని ఇవ్వకండి. ఇసుక నలిగి వచ్చే ఆ సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు, తువ్వాలు ఆపదు. మూసిన క్యాబిన్, ఇసుకకు బదులు కార్బొరండం (సానరాళ్లలో వాడే గట్టి పదార్థం) పొడి, కోతకు నీళ్లు పారే రంపం ఉన్నచోట ధర కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు. ఆ నీళ్లతో వచ్చే తెల్ల బురద ఎక్కడ పోస్తున్నారో కూడా ఓ కంట చూడండి. వంకలోకో చెరువు గట్టుకో అయితే, మీరు పేర్లు చెక్కిస్తున్న ఊరి నీళ్లలోకే అది చేరుతుంది.

రాయి చదరపు అడుగు లెక్క, చెక్కుడు అక్షరం లెక్క. ఒత్తును వేరే అక్షరంగా కడతారా, గుణింతంతో కలిపి ఒకటేనా అన్నది బయానా ఇచ్చే ముందే తేల్చుకోండి. ఇంటికి తీసుకెళ్లే రోజు తడిగుడ్డతో తుడిచి, ప్రూఫ్ కాగితం పక్కన పెట్టి, ఒక్కో అక్షరం వేలితో తడిమి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.