ఆత్మగౌరవం కోసం ‘లాస్ట్’ చూడాలా, ‘స్క్విడ్ గేమ్’ చూడాలా?

సమయం: అమెరికన్ ధారావాహిక ‘లాస్ట్’కు (2004–2010) ఆరు సీజన్ల ఓపిక కావాలి, కొరియన్ ‘స్క్విడ్ గేమ్’ (2021) తొలి సీజన్ 9 భాగాలలో ముగుస్తుంది.

పాఠం: ‘లాస్ట్’లో చక్రాల కుర్చీకి పరిమితమైన జాన్ లాక్, విమానం కూలిన దీవిలో లేచి నిలబడి, వేటాడి పదిమందికీ ఆసరా అవుతాడు, అయితే తన విలువను దీవి ఇచ్చిన వరంగా తలచడమే అతని బలహీనత అని నా అభిప్రాయం. ‘స్క్విడ్ గేమ్’ ఇంతకన్నా సూటిగా తాకుతుంది: అప్పులపాలైనవారు డబ్బు కోసం ప్రాణాలొడ్డి ఆడే ఆ పోటీలో, గోళీల ఆటప్పుడు తోటి ఆటగాడు సాంగ్-వూను నమ్మిన అలీ సంచి విప్పితే గోళీలకు బదులు గులకరాళ్లు కనిపిస్తాయి, సాంగ్-వూ గెలుపుకు చెల్లిన మూల్యం ఎంతటిదో అక్కడే అర్థమవుతుంది.

ఇబ్బంది: రెండోదానిలో హింస తీవ్రం, పిల్లలకు తగదు.

జీవితాన్ని కొత్తగా మొదలుపెట్టదలచినవారికి ‘లాస్ట్’ నప్పుతుంది. అప్పుల ఒత్తిడిలో తప్పొప్పులు తేల్చుకోవలసినవారికి ‘స్క్విడ్ గేమ్’ మేలు, అదీ మనసు కుదుటపడ్డాకే.