1830, 1889, 1846: రైలు కంపెనీల ఆటల్లో ముందు ఏది కొనాలి?

హనుమకొండలో మేం నలుగురం ఆదివారాలు కూర్చుని ఆడతాం. చిన్న బోర్డు ఆటలు చాలవనిపించాక ఎయిటీన్ ఎక్స్‌ఎక్స్ ఆటల్లోకి, అంటే 18తో మొదలయ్యే సంవత్సరాల పేర్లున్న రైలు కంపెనీల బోర్డు ఆటల్లోకి వచ్చాం. ఈ వరస ఫ్రాన్సిస్ ట్రెషమ్ 1974లో తెచ్చిన 1829తో మొదలైంది. వీటిలో పాచికలు ఉండవు, అదృష్టం దాదాపు లేనట్టే. షేర్లు కొనాలి, కంపెనీ నడపాలి, పట్టాలు వేయాలి. కంపెనీ డబ్బు వేరు, మన జేబులో డబ్బు వేరు. చివర్లో లెక్కపెట్టేది జేబులో డబ్బు, చేతిలో ఉన్న షేర్ల విలువ మాత్రమే. కంపెనీ ఎంత గొప్పగా నడిచినా, దాని ఖజానాలో మిగిలింది మన లెక్కలోకి రాదు.

ఇందులో 1830, 1889, 1846 మూడూ మా టేబుల్ మీద చాలాసార్లు ఆడాం.

1830 కూడా ట్రెషమ్‌దే, 1986లో వచ్చింది. ఎనిమిది అమెరికన్ కంపెనీలు, బ్యాంకులో 12,000 డాలర్లు. అరవై శాతం షేర్లు అమ్ముడైతే కంపెనీ మొదలవుతుంది, పది షేర్ల సొమ్మూ ఒకేసారి ఖజానాలో పడుతుంది. అసలు సంగతి రైళ్లలో ఉంది. రైలు పేరులోని అంకె అది ఎన్ని ఊళ్లు తాకగలదో చెబుతుంది. మొదటి 4 రైలు ఎవరు కొన్నా అందరి 2 రైళ్లూ తుక్కవుతాయి. మొదటి 6 వస్తే 3 రైళ్లు పోతాయి. రూటు ఉండి రైలు లేకపోతే కంపెనీ రైలు కొని తీరాలి. ఖజానాలో డబ్బు చాలకపోతే ప్రెసిడెంట్, అంటే అందరికన్నా ఎక్కువ షేర్లుండి కంపెనీని నడిపే ఆటగాడు, తన జేబులోంచి కట్టాలి.

ఒకసారి మా బావ ఆ ఎనిమిదింట్లో ఒకటైన బి అండ్ ఓ (బాల్టిమోర్ అండ్ ఒహాయో) కంపెనీకి ప్రెసిడెంట్. ఆయన దగ్గర అరవై శాతం, నా దగ్గర ముప్పై. కంపెనీకి ఉన్నవి రెండు 3 రైళ్లు, ఖజానాలో ముప్పై డాలర్లు. షేర్ల రౌండులో ఆయన చడీచప్పుడు లేకుండా నాలుగు షేర్లు అమ్మేశాడు. ధర నాలుగు మెట్లు దిగింది. ఆయనకి ఇరవై మిగిలింది, నాది ముప్పై. "ఇగ పట్టుకో బామ్మర్దీ, కంపెనీ నీదే" అని ప్రెసిడెంట్ కార్డు నా ముందు పెట్టాడు. తర్వాతి రౌండులో తన ఇంకో కంపెనీతో మొదటి 6 రైలు కొన్నాడు, నా 3 రైళ్లు రెండూ పోయాయి. మిగిలిన 6 రైలు ధర 630. నా జేబులోంచి 600 పోయాయి. అది కట్టడానికి నా దగ్గరున్న పెన్సిల్వేనియా కంపెనీ షేర్లు అమ్ముకున్నాను. ఆ రాత్రి కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆయన రెండు రౌండ్ల ముందే ఖజానా ఎందుకు ఖాళీ చేస్తూ వచ్చాడో అప్పుడు అర్థమైంది. 1830 మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.

1889 యసుటకా ఇకెడా చేసిన ఆట, జపాన్‌లోని షికోకు దీవి మీద నడుస్తుంది. నియమాలు చాలావరకు 1830వే, రైళ్ల ధరలు కూడా అవే. కంపెనీలు ఏడు, సగం షేర్లు అమ్ముడైతే చాలు మొదలైపోతాయి. బ్యాంకు 7,000 కాబట్టి త్వరగా ఖాళీ అయి ఆట ముగుస్తుంది. దీవి నిండా కొండలే, వాటి మీద పట్టా వేయాలంటే 80 కట్టాలి. మ్యాప్ చిన్నది కావడంతో టోకెన్ల (ఊళ్లలో కంపెనీలు పెట్టుకునే స్టేషన్ బిళ్లల) గొడవ మొదటి గంటలోనే వస్తుంది. ఉదాహరణకి ఆ మ్యాప్‌లో మన కాజీపేట ఉందనుకోండి. అక్కడున్న రెండు టోకెన్ చోట్లనూ వేరే రెండు కంపెనీలు పట్టేస్తే, సికింద్రాబాద్ నుంచి వచ్చిన నా రైలు కాజీపేటలో ఆగాల్సిందే. బల్హార్షా, విజయవాడ వైపు ఆదాయం నాకు రాదు.

1846 టామ్ లేమన్‌ది. షికాగో చుట్టూ నడుస్తుంది, ముగ్గురి నుంచి ఐదుగురు ఆడొచ్చు. షేర్లు అమ్ముడైన మేరకే ఖజానాకి డబ్బు వస్తుంది, కంపెనీ తన షేర్లు తానే అమ్ముకోవచ్చు. పాతబడ్డ రైలు ఇంకోసారి నడిచాకే పోతుంది. ప్రెసిడెంట్ ఎన్ని షేర్లు అమ్మినా ధర ఒక్క మెట్టే దిగుతుంది, మిగతావాళ్లు అమ్మితే అసలు దిగదు. అందువల్ల కంపెనీని ఇంకొకరి నెత్తిన పడేసే ఆట ఇక్కడ పెద్దగా సాగదు. తూర్పు పడమరలు కలిపే రూటు కట్టడం, ఖర్చు లెక్క చూసుకోవడం ఇష్టమైనవాళ్లకి ఇది బాగుంటుంది. మా తమ్ముడికి మూడింట్లో ఇదే నచ్చుతుంది. నాకు మాత్రం షేర్ బజారులో పదును తగ్గినట్టు ఉంటుంది.

నా లెక్కలో ముందు కొనాల్సింది 1889. 1830లో ఉన్న దెబ్బలన్నీ ఇందులో ఉన్నాయి, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే చీకటి పడేలోపు అయిపోతుంది. పది ఆటలు ఆడి, నలుగురూ దెబ్బ తిని కూడా మళ్లీ కూర్చుంటామంటే అప్పుడు 1830 తెచ్చుకోండి, దానికి మాత్రం పొద్దున్నే మొదలుపెట్టాలి. ఏది కొన్నా కాగితం నోట్లు పక్కన పెట్టి పోకర్ చిప్స్ వాడండి. మేం నోట్లు లెక్కపెట్టుకుంటూ ఆడిన మొదటి 1830కి ఏడు గంటలు పట్టింది, చిప్స్ వచ్చాక ఐదున్నరలో ముగుస్తోంది.