గార్డియన్‌షిప్ సర్టిఫికెట్: చేతికొచ్చాకే అసలు పని

వైకల్యం ఉన్న మనిషికి గార్డియన్‌ను, అంటే చట్టబద్ధమైన సంరక్షకుణ్ని నియమిస్తూ నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చే ఈ సర్టిఫికెట్‌కు ఐదుకు నాలుగు మార్కులు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకే ఇది. కోమాలో ఉన్న మనిషి కోసమైతే హైకోర్టులో రిట్ వేయాల్సిందే.

దరఖాస్తులో 'సంరక్షణ' అని మాత్రమే రాసి వదిలేస్తారు చాలామంది. 'ఆస్తి నిర్వహణ' అని కూడా రాయించుకోండి. లేదంటే బ్యాంకువాళ్లు ఎఫ్‌డీ దగ్గర మెలిక పెడతారు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు లెక్కల గురించి ఎవరూ ముందే చెప్పనందుకు. గార్డియన్‌గా నియామకమైన ఆరు నెలల్లోపు ఆ మనిషి స్థిరచరాస్తులు, రావలసిన బాకీలు, తీర్చాల్సిన అప్పులు కమిటీకి రాసివ్వాలి. ఆపై ఏటా మార్చి 31 తర్వాత మూడు నెలల్లో జమాఖర్చులు. ఆ మనిషి పింఛను, వడ్డీ గార్డియన్ సొంత ఖాతాలో కలిసిపోతే విడదీయడం నరకం, కాబట్టి మొదటి రోజే విడిగా ఖాతా తెరవండి. మందుల షాపు రసీదులు కొన్నాళ్లకే వెలిసిపోయి తెల్ల కాగితాలవుతాయి. వెంటనే జిరాక్స్ తీసి, వెనకాల తేదీ, ఎందుకు కొన్నదీ రాసిపెట్టండి. సొమ్ము దుర్వినియోగం చేస్తే గార్డియన్‌ను తొలగించవచ్చు; కన్నవాళ్లయినా సరే.