డకోటా విమానంలో విలాస ప్రయాణమంటూ అడ్వాన్స్ అడుగుతున్నారు, కట్టకండి

తిరుపతి, చిత్తూరు వాళ్లు ఒకసారి చదవండి. నావి 80 వేలు పోయాయి.

"రేణిగుంట నుంచి పాతకాలపు డకోటాలో ప్రయాణం, 18 సీట్లే, తోలు కుర్చీలు, వెండి పళ్లెంలో భోజనం" అని వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. మా బావమరిది పంపాడు. మా నాయన చిన్నప్పుడు మద్రాసు మీనంబాకం ఎయిర్‌పోర్టు కంచె బయట నిలబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్ డకోటాలను చూసిన మనిషి. ఎక్కింది మాత్రం లేదు. 75వ పుట్టినరోజుకు ఎక్కిద్దామనుకున్నా. ఆ సంబరంలో అడగాల్సినవి అడగలేదు.

ఈ ప్రయాణం అమ్మే మనిషి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక హోటల్లో కలిశాడు. కాఫీ కూడా నేనే ఇప్పించా. డీసీ-3, అంటే ఈ డకోటా రకం విమానమే, మొదట ఎగిరింది 1935లో అన్నాడు, నిజమే. బ్రిటన్‌లో బాగుచేసిన డకోటా 'పరశురామ' 2018లో మన వాయుసేనకు వచ్చిందన్నాడు, అదీ నిజమే. ఆ ఊపులోనే 35 వేల అడుగుల ఎత్తున తీసుకెళ్తామన్నాడు. డకోటా క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటే లేదు, జనంతో అంత ఎత్తుకు పోనే పోదు. తిరుమల గుడి మీదుగా ఒక రౌండ్ కూడా వేయిస్తాడట! కొండ మీద విమానాలు తిరగకూడదని టీటీడీ కేంద్రాన్ని ఎన్నిసార్లు అడిగిందో ఇక్కడ పుట్టి పెరిగిన నాకే తట్టలేదు.

డబ్బు కట్టాక వాయిదాలు మొదలు. "ఇంజన్ సామాన్లు అమెరికా నుంచి వస్తావుండాయన్నా, టెన్షన్ పడొద్దు" అని మూడుసార్లు. పాత విమానాన్ని మళ్లీ ఎగిరించడం ఎంత కష్టమో తర్వాత చదివా. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా అంతటిదే 2007లో వేలంలో కొన్న 'సూపర్ స్టార్' అనే పాత విమానం మీద పదేళ్లు కష్టపడి, 2018లో చేతులెత్తేసింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో పాత యుంకర్స్ విమానం కూలి, అందులో ఉన్న 20 మందీ చనిపోయారు. అలాంటి పనిని ఇతను ఫోన్ మీద నడిపిస్తున్నాడు.

చివరికి ఎయిర్‌పోర్టులో పనిచేసే మిత్రుడికి వీడియో చూపించా. చూడగానే తేల్చేశాడు. మన దేశంలో రిజిస్టరైన విమానం మీద 'వీటీ' అక్షరాలుంటాయి, దీని మీద 'ఎన్' ఉంది, అంటే అమెరికాది. టికెట్ తీసుకుని జనాన్ని ఎక్కించాలంటే విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ పర్మిట్ ఉండాలి, ఆ నంబర్ అడగమన్నాడు. అడిగిన రోజు నుంచి అతని ఫోన్ స్విచ్ఛాఫ్. రసీదు తీసి చూస్తే జీఎస్టీ నంబర్ లేదు, యూపీఐ వెళ్లింది ఎవరో ఒకరి సొంత ఖాతాకు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చా, కానీ బాగా ఆలస్యమైంది. వెంటనే చేసుంటే డబ్బు ఖాతాలోనే ఆపే అవకాశం ఉండేది. మీరు కట్టి ఉంటే ఈరోజే చేయండి, చాట్లు డిలీట్ చేయకండి. అదే వీడియో ఇప్పుడు వేరే నంబర్ నుంచి, "బెంగళూరు టు తిరుపతి" అని వస్తోంది.

నాయనకు ఇంకా చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఇంజన్ సామాన్లు వస్తావుండాయనే అంటున్నా.