ఉద్యమ్ నుంచి వీకనెక్ట్ దాకా: మహిళా వ్యాపారుల సర్టిఫికెట్లు, సంఘాల మీద నా రివ్యూ

హైదరాబాద్ శివార్లలో జూట్ ఫోల్డర్లు, కాటన్ సంచులు, సెమినార్ కిట్లు కుట్టించే చిన్న యూనిట్ నాది. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన ఆడవాళ్లు తెగ అడుగుతున్నారు, ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఏ సంఘంలో చేరాలి, కట్టిన డబ్బు తిరిగొస్తుందా అని. విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడే రాస్తున్నా. చిన్న పరిశ్రమగా నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్, పైసా ఖర్చు లేని ఉద్యమ్‌కి ఐదుకి ఐదు. వీకనెక్ట్ అనే సంస్థకి ఫీజు కట్టి తీసుకునే ‘మహిళా యాజమాన్య’ సర్టిఫికెట్‌కి మూడున్నర, అది కూడా అందరికీ కాదు. సంఘాలకి మార్కులు వేయలేను, ఎందుకో కింద రాశా.

ముందు ఉద్యమ్. 2020 జూలై 1 నుంచి పాత ఉద్యోగ్ ఆధార్ స్థానంలో వచ్చింది. ఆధార్, పాన్, అవసరమైన వాళ్లకి జీఎస్టీ నంబర్, అంతే, కాగితాలు అప్‌లోడ్ చేసే పని లేదు, ఫీజు లేదు. గూగుల్‌లో వెతికితే అచ్చం గవర్నమెంటు సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు పైపైనే వస్తాయి, అవి వేలల్లో గుంజుతాయి. అడ్రస్ చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకున్నాకే ఆధార్ నంబర్ కొట్టండి.

చాలామంది దీన్ని బ్యాంకు లోను కోసమని తీసుకుని ఫైల్లో పెట్టేస్తారు. దీని అసలు బలం బిల్లు వసూళ్లలో ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మన దగ్గర సరుకు తీసుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఈ చట్టం ఉందని తెలిసినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, కానీ 2023 బడ్జెట్‌లో ఆదాయ పన్నులో 43బి(హెచ్) అని ఒక సెక్షన్ చేర్చాక కథ మారింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి గడువులోపు కట్టని బాకీని, కొన్న కంపెనీని ఆ ఏడాది పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోనివ్వరు, ఎప్పుడు కడితే అప్పుడే చూపించుకోవాలి. ఒక పెద్ద కంపెనీ, పేరెందుకులెండి, నా బిల్లు నెలల తరబడి ఆపింది. అకౌంట్స్‌వాళ్లని అడిగితే హెచ్ఆర్ అనేవాళ్లు, హెచ్ఆర్‌ని అడిగితే అకౌంట్స్. మా సీఏ చెప్పినట్టు ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి, బాకీ ఎప్పటి నుంచి ఉందో రాసి, గొడవ పెట్టుకోకుండా ఒక మెయిల్ పెట్టాను. మార్చి ఆఖరులోపు డబ్బు పడింది. నాకు ఏ అవార్డూ ఇంత సంతోషం ఇవ్వలేదు. ఒక్క మాట, ఈ 45 రోజుల గడువు తయారీ, సేవల వాళ్లకే. సరుకు కొని అమ్మే ట్రేడర్లకి 2021లో ఉద్యమ్ ఇచ్చారు గానీ ప్రాధాన్య రంగం రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకి తప్పనిసరిగా ఇవ్వాల్సిన అప్పుల) వరకే. చీరలు తెచ్చి అమ్మే అక్కలు ఈ 45 రోజుల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక అందరూ చెప్పే మూడు శాతం. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి, ఆ 25లో మూడు శాతం మహిళల సంస్థల నుంచి కొనాలని 2018లో నిబంధన మార్చారు. వినడానికి బాగుంటుంది. అయితే అది ఆ శాఖ ఏడాది మొత్తానికి అందుకోవాల్సిన లక్ష్యం, మీరు వేసిన టెండర్‌లో మీకో సీటు కాదు. ప్రభుత్వ కొనుగోళ్ల సైటు అయిన జెమ్ పోర్టల్‌లో 2019 నుంచి వుమనియా అని మహిళల ఉత్పత్తుల కోసం ప్రత్యేకంగా పెట్టారు, మంచిదే, కానీ చివరికి రేటు దగ్గర అందరితో పాటు పోటీ పడాల్సిందే. నాకు నిజంగా పనికొచ్చింది ఉద్యమ్ వల్ల వచ్చే ధరావతు మినహాయింపు, అంటే టెండర్ వేసేటప్పుడు ముందుగా డిపాజిట్ కట్టక్కర్లేదు. చిన్న యూనిట్‌కి ఆ డబ్బు ఇరుక్కుపోతే ఆ వారం గుడ్డ కొనలేం.

వీకనెక్ట్ ఇంటర్నేషనల్ సంగతి. అమెరికా బయట ఉన్న మహిళా వ్యాపారాలకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ, 2009లో పెట్టారు. బహుళజాతి కంపెనీలు వాళ్ల సభ్యులు, ఆ కంపెనీల కొనుగోలు విభాగాల వాళ్లు మహిళల సంస్థలని వెతికేది అక్కడ. పేరు నమోదు ఉచితం, సర్టిఫికెట్‌కి ఫీజు. కనీసం 51 శాతం యాజమాన్యం మహిళలది కావాలి, నడిపేది, అదుపులో పెట్టేది కూడా వాళ్లే కావాలి.

నాకు నచ్చింది ఈ రెండో షరతే. ఉద్యమ్ మనం చెప్పింది నమ్మేస్తుంది. ఇక్కడ మాత్రం వాటాల కాగితాలు, బ్యాంకులో సంతకం ఎవరిది, రేటు ఎవరు ఖాయం చేస్తారు, మనుషుల్ని ఎవరు పెట్టుకుంటారు, అన్నీ తవ్వుతారు. మన దగ్గర భార్య పేరు మీద కంపెనీ పెట్టి, సంతకాలకి ఆమెని పిలిచి, బేరాలన్నీ ఆయనే చేసే వ్యవహారం ఎంత ఉందో మీకు తెలుసు, ఊళ్లో సర్పంచ్ గారి భర్తే సర్పంచ్‌లా తిరిగినట్టు. అలాంటి ‘మహిళా సంస్థలు’ మా రేట్లని ఎంత దెబ్బ కొడతాయో అనుభవించిన దాన్ని కాబట్టి ఈ ఆరా నాకు విసుగు అనిపించలేదు. మా ఆయన యూనిట్‌లో మెషిన్ల సంగతి చూస్తారు, అదేం అడ్డు కాలేదు. నిర్ణయం ఎవరిది అన్నదే వాళ్లకి కావాలి.

మరి మూడున్నరే ఎందుకంటే, ఆర్డర్ వస్తుందని వాళ్లు మాట ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పెద్ద కంపెనీ పిలిచినా వేల పీసులు ఒకే రంగులో, ఒకే కుట్టుతో, చెప్పిన రోజుకి ఇవ్వగలగాలి, డబ్బు వచ్చేదాకా కూలీలు ఆపకుండా కట్టగలగాలి. నెలకి పది ఆర్డర్లు ఇంటి చుట్టుపక్కల నుంచే తెచ్చుకునేవాళ్లకి ఈ ఫీజు దండగ. కార్పొరేట్ గిఫ్టులు, ప్యాకింగ్, ఐటీ సేవలు, క్యాటరింగ్ లాంటి వాటిల్లో స్థిరపడ్డాక తీసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం చిన్న ముక్క. అక్కడ ఇలాంటి సర్టిఫికెట్ ఇచ్చే డబ్ల్యూబెంక్ అనే సంస్థ 1997 నుంచి ఉంది, 51 శాతం లెక్క అక్కడా అంతే, కానీ సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు అయినా ఉండాలి. హెచ్4 డిపెండెంట్ వీసా మీద వర్క్ పర్మిట్‌తో కన్సల్టెన్సీ పెట్టినవాళ్లకి దొరకదు, ముందే తెలుసుకుని దిగండి.

సంఘాల విషయానికొస్తే, మన తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. 1993లో పుట్టిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ గాజులరామారంలో ఆడవాళ్ల కోసమే పారిశ్రామికవాడ పెట్టించింది, షెడ్లు, మెషిన్లు, పక్కపక్కనే ఆడవాళ్ల యూనిట్లు. 2018 మహిళా దినోత్సవం నాడు తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారులకి తోడ్పడే వీ హబ్ మొదలుపెట్టింది, అది స్టార్టప్‌ల వైపు ఎక్కువ. సంఘాల్లో దొరికే పరిచయాలంటే నా ఉద్దేశంలో ఇదీ: జిప్పులు ఎవరు మంచివి ఇస్తారు, ఏ కంపెనీ బిల్లు ఎగ్గొట్టే రకం, ఓవర్‌లాక్ మెషిన్ చెడిపోతే ఆదివారం కూడా వచ్చే మెకానిక్ ఎవరు. నా చేతికి మించిన ఆర్డర్ వచ్చినప్పుడు సగం ఇంకో అక్క యూనిట్‌కి ఇచ్చాను. ఆమెకి వచ్చినప్పుడు నాకు ఇచ్చింది. ఆమె పోటీదారే, ఇద్దరం ఒకే టెండర్‌లో ఒకరి మీద ఒకరం రేటు తగ్గించుకుంటాం కూడా.

రెండో రకం సంఘాలు కూడా చూశా. ‘మేడమ్, ఈ ఏటి ఉత్తమ మహిళా పారిశ్రామికవేత్తగా మీరు ఎంపికయ్యారు’ అని ఫోన్, నేను అప్లై కూడా చేయలేదు, రెండో నిమిషంలో ‘టేబుల్ చార్జీలు’ అంటూ వేలల్లో బేరం. స్టార్ హోటల్, శాలువా, షీల్డు, ఫొటో, వంద విజిటింగ్ కార్డులు, వాటిలో సంచులు కొనేవాళ్లు ఒక్కరూ ఉండరు, అందరూ అమ్మేవాళ్లే. అందుకే మార్కులు వేయలేనన్నది. చేరే ముందు వాళ్ల మీటింగ్‌కి ఒక్కసారి అతిథిగా వెళ్లి, బయట టీ దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. రేట్లు, బిల్లులు, సరుకు గురించి అయితే డబ్బు కట్టేయండి. ఫొటోగ్రాఫర్ ఎప్పుడొస్తాడు అనే మాటలే వినపడితే టీ తాగి వచ్చేయండి.

ఇంకోటి, ఉద్యమ్ తీసుకున్నాక అందులో వ్యాపారం కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. కుట్టించే యూనిట్‌ని ఏజెంట్లు ట్రేడింగ్ అని కొట్టేస్తుంటారు. దాంతో పైన చెప్పిన 45 రోజులూ, ధరావతు మినహాయింపూ రెండూ పోతాయి. అదే సైటులో మార్చుకోవచ్చు, దానికీ ఫీజు లేదు.