జీపార్టెడ్ లైవ్: ఓఎస్ ఎక్కించే ముందు డిస్కు సర్దే ఉచిత పెన్‌డ్రైవ్

కొత్తగా ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసేటప్పుడు చాలామంది ఇరుక్కునేది పార్టిషన్లు, అంటే డిస్కులోని భాగాలు, ఎంచుకునే తెర దగ్గరే. ఎంబీఆర్ (పార్టిషన్ల వివరాలు రాసుకునే పాత పద్ధతి) డిస్కు మీద విండోస్ ఎక్కదని ఎర్రర్ వస్తుంది, లేదంటే లినక్స్‌కు జాగా చాలదు, లేదంటే సీ డ్రైవ్‌కీ ఖాళీ జాగాకీ మధ్య విండోస్ బాగుచేతకు వాడే రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుంటుంది. ఆ తెర దాకా వెళ్లకముందే డిస్కును సర్దిపెట్టుకోవడానికి జీపార్టెడ్ లైవ్‌ను మించింది ఉచితంగా దొరకడం కష్టం. డబ్బు కట్టేవాటిలోనూ ఇంతకన్నా నిక్కచ్చిగా పనిచేసేవి తక్కువే. అయితే ఇందులో రెండు చోట్ల జాగ్రత్త పడకపోతే డేటా పోవచ్చు. వాటి గురించి ఈ సాఫ్ట్‌వేర్ ఒక్క హెచ్చరికతో సరిపెట్టేస్తుంది కాబట్టి ఇక్కడ వివరంగా చెప్పాలి.

డెబియన్ అనే లినక్స్ రకం మీద కట్టిన చిన్న లినక్స్ ఇది. దించుకునే ఐఎస్‌ఓ ఫైల్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) అర జీబీకి కాస్త అటూఇటూ ఉంటుంది. రూఫస్, బెలీనా ఎచర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ మీద రాసి, దాన్నుంచే కంప్యూటర్‌ను బూట్ చేస్తే చాలు, డిస్కులో ఏమీ ఇన్‌స్టాల్ అవ్వదు. మెనూలో డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకున్నాక కీబోర్డు గురించి, భాష గురించి, గ్రాఫిక్స్ గురించి నల్ల తెర మీద ప్రశ్నలు వస్తాయి. వాటికి ఎంటర్ కొట్టుకుంటూ పోవచ్చు. తెర నల్లగా ఆగిపోతే సేఫ్ గ్రాఫిక్స్ ఆప్షన్‌తో మళ్లీ బూట్ చేయాలి. ఒకటే యూఎస్‌బీ పోర్టు ఉన్న మెషీన్ అయితే టు ర్యామ్ ఆప్షన్ బాగా పనికొస్తుంది. మొత్తం మెమరీలోకి లోడయ్యాక పెన్‌డ్రైవ్ తీసేసి, అదే పోర్టులో బ్యాకప్ డిస్కు పెట్టుకోవచ్చు.

దీని అసలు బలం, చేయాల్సిన పనులను వరుసలో పెట్టుకునే పద్ధతి. పార్టిషన్‌ను చిన్నది చేయండి, ఇంకోటి సృష్టించండి, మూడోదాన్ని జరపండి. అప్పటికి డిస్కు మీద ఏమీ జరగదు. అన్నీ కింది భాగంలో జాబితాగా పేరుకుంటాయి. నచ్చకపోతే కంట్రోల్ జెడ్ కొట్టి ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవచ్చు. పైనున్న పచ్చ టిక్కు నొక్కి, మళ్లీ అడిగినప్పుడు అప్లై అన్నాకే పని మొదలవుతుంది. తప్పు చేయబోతున్నారని తెలుసుకోవడానికి ఇంత తీరిక ఇచ్చే సాధనం ఇంకోటి ఉండాలంటే వెతకాలి. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అయితే క్లీన్ అని కొట్టి ఎంటర్ నొక్కగానే పార్టిషన్ టేబుల్‌ను (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికను) తుడిచేస్తుంది, మళ్లీ అడగదు.

జీపార్టెడ్‌లో ఆ వరుసకు లొంగని పనులు రెండున్నాయి. మొదటిది డివైస్ మెనూలో కొత్త పార్టిషన్ టేబుల్ సృష్టించడం. ఇది జాబితాలోకి వెళ్లదు, అక్కడి అప్లై నొక్కిన క్షణంలోనే పాత టేబుల్ పోతుంది, కంట్రోల్ జెడ్ పనిచేయదు. రెండోది మేనేజ్ ఫ్లాగ్స్, అంటే పార్టిషన్ దేనికో చెప్పే గుర్తులు పెట్టడం. టిక్కు పెట్టగానే డిస్కు మీద రాసేస్తుంది. మొదటిదాంట్లో ఇంకో మెలిక కూడా ఉంది. రెండు టీబీ కన్నా చిన్న డిస్కుకు టేబుల్ రకంగా ఎంఎస్‌డాస్‌ను, అంటే పాత ఎంబీఆర్‌ను, తానే ఎంచి చూపిస్తుంది. ఇప్పటి యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ బదులు వచ్చిన ఫర్మ్‌వేర్) మెషీన్లకు కావాల్సింది జీపీటీ అనే కొత్త రకం టేబుల్. చూసుకోకుండా అప్లై కొడితే తర్వాత విండోస్ సెటప్ దగ్గర మొదట చెప్పిన ఎర్రర్‌తో మళ్లీ వెనక్కి రావాల్సిందే. ఈ రోజుల్లో ఈ డిఫాల్ట్‌కు అర్థం లేదు, దీనికి మార్కులు తీసేయాల్సిందే.

ఎంబీఆర్‌లో ఉన్న డేటా పోకుండా జీపీటీకి మార్చడం జీపార్టెడ్‌కు రాదు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి వచ్చిన ఎంబీఆర్‌టుజీపీటీ కమాండ్ ఆ పని చేస్తుంది. దానికి డిస్కులో ప్రైమరీ (నేరుగా టేబుల్‌లో ఉండే) పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ (లోపల ఇంకొన్ని పార్టిషన్లు పట్టే) పార్టిషన్ అసలు ఉండకూడదు.

ఖాళీ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద విండోస్, లినక్స్ రెండూ వేయాలనుకుందాం. ముందు కుడివైపు పైమూల జాబితాలో సరైన డిస్కు ఎంచుకోవాలి. పెన్‌డ్రైవ్ కూడా అక్కడే కనిపిస్తుంది కాబట్టి సైజు చూసి తేల్చుకోండి. ఎన్‌వీఎంఈ డిస్కుల (వేగంగా పనిచేసే కొత్త రకం ఎస్‌ఎస్‌డీల) పేరు ఎన్‌వీఎంఈ అనే మొదలవుతుంది, ఎస్‌డీఏ అన్నది చాలాసార్లు పెన్‌డ్రైవే. 512 జీబీ డిస్కు ఇక్కడ 476.94 జిబిబైట్లుగా కనిపిస్తుంది, తయారీదారు వెయ్యితో లెక్కేస్తే జీపార్టెడ్ 1024తో లెక్కేస్తుంది, అంతే. జీపీటీ టేబుల్ సృష్టించాక, ముందు 1024 మెబిబైట్ల ఫ్యాట్32 (ఒక ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లు దాచే పద్ధతి) పార్టిషన్ ఒకటి చేసి అప్లై చేయాలి. ఆ తర్వాతే మేనేజ్ ఫ్లాగ్స్‌లో ఈఎస్‌పీ (బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని చెప్పే గుర్తు) టిక్కు పెట్టడం వీలవుతుంది. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఫ్లాగ్ మరచిపోవడం మామూలే, అప్పుడు ఇన్‌స్టాలర్‌కు అది ఈఎఫ్‌ఐ పార్టిషన్‌గా కనబడదు. విండోస్‌ను దానంతట అది చేయనిస్తే ఈఎఫ్‌ఐకి సాధారణంగా 100 ఎంబీ ఇచ్చి ఊరుకుంటుంది. కెర్నల్స్‌ను (ఓఎస్ మూల ఫైళ్లను) కూడా అక్కడే పెట్టే లినక్స్ డిస్ట్రోలకు (రకాలకు) అది చాలదు. తర్వాత పెంచాలంటే పక్కనున్న పార్టిషన్లు జరపాలి కాబట్టి, ముందే ఒక జీబీ ఇచ్చేయడం మేలు.

ఇక అక్కడ ఆగిపోవచ్చు. మిగతాదంతా ఖాళీగా వదిలేస్తే విండోస్ సెటప్‌లో న్యూ నొక్కి 204800 ఎంబీ, అంటే 200 జిబిబైట్లు ఇవ్వండి. అది ఉన్న ఈఎఫ్‌ఐనే వాడుకుని, తనకు కావాల్సిన 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్ తానే చేసుకుంటుంది. సైజు ఇవ్వకుండా నెక్స్ట్ కొడితే ఖాళీ మొత్తం మింగేస్తుంది. విండోస్ అయ్యాకే లినక్స్ వేయండి.

కొత్త పార్టిషన్ చేసేటప్పుడు అలైన్ టు దగ్గర మెబిబైట్ అన్నది మార్చొద్దు. దాంతో మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్‌లో (డిస్కులోని చిన్న గడిలో) మొదలవుతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో 63వ సెక్టార్‌లో మొదలయ్యేది. 4కే (4096 బైట్ల) సెక్టార్ల డిస్కుల మీద అలా పెడితే ఒక్క రాతకు రెండు సెక్టార్లు కదపాల్సి వచ్చి వేగం పడిపోతుంది.

అప్పటికే విండోస్ ఉన్న డిస్కును చిన్నది చేయాలంటే పని ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముందు బ్యాకప్, ఇందులో రాజీ లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా నిజంగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది. అందుకే జీపార్టెడ్‌లో సీ డ్రైవ్ పక్కన పసుపు త్రిభుజం కనిపిస్తుంది, కదపనివ్వదు. ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి, లేదా షిఫ్ట్ నొక్కి ఉంచి షట్‌డౌన్ చేయాలి. చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్కు తప్పులు వెతికే కమాండ్) చేసి రెండుసార్లు రీబూట్ చేయమని ఎర్రర్ వస్తే, నిజంగానే రెండుసార్లు చేయండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే జీపార్టెడ్ ఆ పార్టిషన్‌ను గుర్తుపడుతుంది గానీ సైజు మార్చలేదు. ముందు విండోస్‌లో డీక్రిప్ట్ చేసుకుని రావాలి. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) తాకేముందు కూడా 48 అంకెల రికవరీ కీ దగ్గరుంచుకోండి, తర్వాత బూట్‌లో అడగవచ్చు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కావాల్సినంత ష్రింక్ (చిన్నది) అవుతుంటే అక్కడే కానిచ్చేయండి. పేజ్‌ఫైల్ లాంటి కదలని ఫైళ్లు అడ్డొచ్చి తక్కువే ఇస్తానన్నప్పుడు జీపార్టెడ్ అవసరం పడుతుంది.

ష్రింక్ ఎప్పుడూ కుడి అంచు నుంచే చేయాలి. ఫ్రీ స్పేస్ ప్రిసీడింగ్ అన్న గడిలో సున్నాయే ఉండాలి. ఎడమ అంచు జరిపితే పార్టిషన్ మొదలే మారుతుంది కాబట్టి డేటా అంతా కాపీ కావాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) అయితే ఖాళీ బ్లాకులతో సహా. పెద్ద హార్డ్‌డిస్కు మీద గంటల పని, మధ్యలో కరెంటు పోతే ఆ పార్టిషన్ మీద ఆశ వదులుకోవాలి. లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టే ఉంచాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. రికవరీ పార్టిషన్ జరపాల్సి వస్తే ముందు విండోస్‌లో రీఏజెంట్‌సీ కమాండ్‌తో డిజేబుల్ చేసి, జరిపాక మళ్లీ ఎనేబుల్ చేయాలి.

డిస్కే కనిపించకపోతే జీపార్టెడ్‌ను అనొద్దు. చాలా ఇంటెల్ లాప్‌టాపుల్లో బయోస్ రెయిడ్ లేదా వీఎండీ (డిస్కును ఇంటెల్ డ్రైవర్ ద్వారా చూపించే) మోడ్‌లో ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కు మారిస్తే కనిపిస్తుంది. కానీ పాత విండోస్ ఉంచుకోవాలనుకుంటే ముందే సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి మార్చాలి, లేకపోతే నీలం తెర వస్తుంది. పార్టిషన్ పక్కన తాళం గుర్తుంటే అది వాడుకలో ఉన్నట్టు, రైట్ క్లిక్ చేసి అన్‌మౌంట్ నొక్కండి, స్వాప్ (లినక్స్ అదనపు మెమరీగా వాడే జాగా) అయితే స్వాప్ ఆఫ్ నొక్కండి.

లోపాలూ చెప్పుకోవాలి. ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కు జాగాను పంచే పద్ధతి) లోపలి లాజికల్ వాల్యూమ్‌లను ఇది ముట్టుకోదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌ను పెంచుతుంది, తగ్గించలేదు, అది ఆ ఫైల్ సిస్టమ్ పరిమితే. ఓఎస్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్‌ను బాగు చేయదు. డిస్కు ఆరోగ్యం కూడా చెప్పదు, పాత హార్డ్‌డిస్కు అయితే స్మార్ట్ రీడింగ్‌లో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలో) రీఅలొకేటెడ్ (చెడిపోయి మార్చిన), పెండింగ్ (చదవడం అనుమానమైన) సెక్టార్లు సున్నా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. పెండింగ్ సెక్టార్లున్న డిస్కు మీద పార్టిషన్ జరపడం మొదలుపెడితే మధ్యలో రీడ్ ఎర్రర్ వచ్చి ఆగే ప్రమాదం ఎక్కువ.

డిస్కు మొత్తం చెరిపేసి విండోస్ ఒక్కటే వేసేవారికి ఇదేమీ అక్కర్లేదు, సెటప్‌లో పార్టిషన్లన్నీ డిలీట్ చేసి ఖాళీ జాగా ఎంచుకుంటే సరిపోతుంది. రెండు ఓఎస్‌లు కావాలనుకునేవారు, ఉన్న డేటా పక్కనే కొత్తది పెట్టుకునేవారు ఒక పెన్‌డ్రైవ్ దీనికి కేటాయించుకోవచ్చు. పని పూర్తయ్యాక చూపించే విండోలో సేవ్ డీటెయిల్స్ నొక్కి ఆ ఫైల్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఏ సెక్టార్ నుంచి ఏ సెక్టార్ దాకా ఏం మారిందో అందులో ఉంటుంది. తర్వాత పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్‌తో వెతకాల్సి వస్తే ఆ అంకెలే ఆధారం.