నడుము పట్టేస్తే ముందుకు వంగాలా, వెనక్కి లేవాలా? యిన్ యోగాలో ఏది మేలు

నడుము పట్టేసిందనగానే అందరూ చేసే మొదటి పని, కాళ్లు చాపి కూర్చుని బొటనవేళ్లు అందుకోబోవడం. ఉరవకొండలో గుంటమగ్గం మీద పొద్దంతా నేసిన మనిషి, శెనక్కాయ చేన్లో సాళ్ల వెంట కలుపు తీసిన ఆడమనిషి, కర్నూలు నుంచి హైదరాబాదుకు బస్సు తోలి తిరిగొచ్చిన డ్రైవరు, ఈ ముగ్గురి నడుమూ అప్పటికే గంటల తరబడి ముందుకు వంగే ఉంది. ఇంటికొచ్చి మళ్లీ అటే వంచితే ఆ కాసేపు హాయిగా ఉంటుంది, తెల్లారేసరికి పట్టు ఉన్నచోటే ఉంటుంది. ఆసనం ఎంచుకునే ముందు పగలంతా ఒళ్లు ఎటు వంగి ఉందో చూసుకుని, దానికి ఎదురు దిక్కు పట్టాలి.

యిన్ యోగా 1970ల చివర్లో అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధకళల గురువు నేర్పిన పద్ధతిలోంచి వచ్చింది. పాల్ గ్రిల్లీ, సారా పవర్స్ దాన్ని జనంలోకి తీసుకెళ్లారు. ఆసనాలు చాలావరకు మనకు తెలిసినవే, పేర్లు వేరు. తేడా అంతా చేసే తీరులో ఉంది. కండరాన్ని బిగించకుండా వదిలేసి, మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. కొత్తవాళ్లకు రెండు నిమిషాలు చాలు. లాగుడు పదికి ఐదు మార్కులు దాటకూడదు.

ముందుకు వంగే ఆసనం క్యాటర్‌పిల్లర్. చూడ్డానికి పశ్చిమోత్తానాసనమే, కాకపోతే ఇందులో వీపును నిటారుగా లాగరు, గుండ్రంగా వదిలేస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. తొడ వెనక కండరాలు బిగుసుకున్నవాళ్లు కాళ్లు చాపి కూర్చుంటే కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, వెనక్కి వాలిపోతుంది. ఇక వంపు తుంటి దగ్గర రాదు, మొత్తం నడుము దిగువనే పడుతుంది. అక్కడ వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద ఐదు నిమిషాల బరువంటే మాటలు కాదు. మీ సంగతి తెలుసుకోవాలంటే నేలమీద కాళ్లు చాపి చేతులు ఆనించకుండా కూర్చోండి. వీపు వెనక్కి పడిపోతుంటే మీ కటి వాలుతున్నట్టే. అయినా ఈ ఆసనమే కావాలంటే బొంతను నాలుగైదు అంగుళాల ఎత్తుకు మడిచి దాని అంచున కూర్చోండి, మోకాళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టండి, తొడల మీద దిండు వేసుకుని తల దానిమీద వాల్చండి.

దీనికి ఎదురుది స్ఫింక్స్. బోర్లా పడుకుని, మోచేతులు భుజాలకన్నా రెండంగుళాలు ముందుకు పెట్టి, ముంజేతులు నేలకు ఆనించి రొమ్ము పైకెత్తాలి. భుజంగాసనంలో వీపు కండరాలు పనిచేస్తాయి, ఇక్కడ పొట్ట, పిరుదులు నేలకు వేలాడేసినట్టు వదిలేయాలి. నడుములో చురుక్కుమంటే మోచేతులు ఇంకా ముందుకు జరపండి, ఎత్తు తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే పొట్ట కింద మడిచిన దుప్పటి పెట్టండి. చేతులు పూర్తిగా చాచి చేసే సీల్ జోలికి మొదటి నెల పోవద్దు. దిగేటప్పుడు చాలామంది ఒక్కసారిగా లేచి కూర్చుంటారు, నడుము పట్టేది అప్పుడే. మోచేతులు మెల్లగా పక్కలకు జార్చి, చేతులమీద చెంప ఆనించి ఒక నిమిషం అట్లే పడుకోవాలి.

నన్నడిగితే వంగి పనిచేసేవాళ్లకు స్ఫింక్సే. తొడ వెనక బిగువు కూడా పోవాలంటే క్యాటర్‌పిల్లర్ బదులు వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు నిలబెట్టండి. పిరుదులు గోడకు జానెడు దూరంలో ఉంచాలి, బిగువు ఎక్కువైతే మూరెడు. లాగుడు తొడలోనే ఉంటుంది, నడుము నేలకు ఆని ఉంటుంది కాబట్టి డిస్కు మీద బరువు పడదు.

అందరికీ ఇదే లెక్క కాదు. కొద్ది దూరం నడవగానే కాళ్లు లాగి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గే పెద్దవాళ్లకు వెన్నులో నరాల దారి ఇరుకై ఉండొచ్చు. వాళ్లకు స్ఫింక్స్ నొప్పి పెంచుతుంది, కాస్త ముందుకు వంగడమే సుఖం. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు మళ్లీ దీనికి ఎదురు: వీపు గుండ్రంగా వంచి బరువేస్తే వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది, క్యాటర్‌పిల్లర్ వాళ్లకు వద్దు.

ఇక పిరుదుల లోతున పట్టేసిన బిగువుకు రెండు దార్లు. స్లీపింగ్ స్వాన్ అంటే ఒక కాలు ముందు మడిచి, రెండో కాలు వెనక్కి చాపి, మడిచిన కాలిమీద వాలడం. ఫొటోలో అందంగా ఉంటుంది, మోకాళ్లు పాడయ్యేదీ దీంతోనే. తుంటి తిరగాల్సినంత తిరగకపోతే ఆ తిప్పుడంతా మోకాలు మోయాలి, అది తిరగడానికి చేసిన కీలు కాదు. మోకాలి లోపలివైపు పొడిచినట్టుంటే మడమను గజ్జల వైపు లాక్కోండి, ఆ పిరుదు కింద దిండు పెట్టండి. అయినా పొడిస్తే లేవండి. రెండో దారి వెల్లకిలా పడుకుని చేసేది. కుడి చీలమండను ఎడమ తొడమీద, మోకాలికి కాస్త పైన పెట్టి, ఎడమ తొడ వెనక చేతులు కలిపి పొట్ట వైపు లాక్కోవాలి. చేతులు అందకపోతే తువ్వాలు వేసి పట్టుకోవచ్చు. లాగేది అదే పిరుదును, మోకాలి మీద ఒంటి బరువు లేదు. మోకాళ్లు అరిగినవాళ్లకు ఇంతకు మించింది లేదు.

డ్రైవర్లకు, పగలంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు బిగుసుకునేది తుంటి ముందు భాగం. దానికి శాడిల్ చెబుతుంటారు, అంటే మడమల మధ్య కూర్చుని వెనక్కి వాలడం. నడుమునూ మోకాళ్లనూ ఒకేసారి పరీక్ష పెట్టే ఆసనం అది, నేను ఎవరికీ మొదట చెప్పను. డ్రాగన్ నయం: ఒక పాదం ముందు, రెండో మోకాలు వెనక నేలమీద, కటి కిందికి. ముందు మోకాలు చీలమండకు సూటిగా ఉండాలి. తోకను కాళ్ల మధ్యకు ముడుచుకున్నట్టు కటిని లోపలికి తిప్పితేనే లాగుడు తొడ ముందుకు వస్తుంది, లేకుంటే నడుము వంగి ఊరుకుంటుంది. ఒక్కో పక్క రెండు నిమిషాలు.

ఇక్కడ నేల సంగతి చెప్పాలి. మన ఇళ్లలో కడప బండ గానీ బేతంచెర్ల బండ గానీ ఉంటుంది. డ్రాగన్‌లో మోకాలిచిప్ప బండకు ఆనితే రెండో నిమిషానికే తుంటి మాట మరిచిపోతారు. యోగా మ్యాట్ ఒక్కటీ చాలదు, మోకాలి కింద బొంత రెండు మడతలు వేయాలి. డిసెంబరులో బండ చల్లదనానికి ఒళ్లు బిగుసుకుంటుంది కాబట్టి పడుకునే ఆసనాలకూ బొంత కావాలి. నులక మంచం మీద మాత్రం చేయొద్దు, నడుము కుంగుతుంది.

పొద్దునా, సాయంత్రమా అంటే సాయంత్రమే. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. బరువులెత్తే పనికో క్రికెట్‌కో ముందు కూడా వద్దు, నిమిషానికి మించి కదలకుండా లాగిన కండరానికి కాసేపు బలం తగ్గుతుంది. స్ఫింక్స్ మూడు నిమిషాలు, డ్రాగన్ పక్కకు రెండు, పడుకుని చేసే పిరుదుల ఆసనం పక్కకు మూడు, గోడకు కాళ్లు ఐదు. మధ్యలో విశ్రాంతితో కలిపి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు పడుతుంది. వారానికి నాలుగు రోజులు చేయండి. మొదటి కొన్ని వారాల్లో ఒళ్లు వంగడం మొదలైతే అది కండరం పొడుగైనందుకన్నా, లాగుడును ఓర్చుకోవడం నరాలకు అలవాటైనందుకే ఎక్కువ. అందుకే ఒకరోజు బలవంతంగా లాగితే లాభం లేదు.

మొద్దుగా, వెడల్పుగా అనిపించే లాగుడు మంచిదే. చురుక్కుమన్నా, కాలి కిందికి జరజర పాకినా, తిమ్మిరెక్కినా అదే నిమిషంలో దిగిపోవాలి. గర్భిణులు బోర్లా పడుకునేవి మానేయాలి. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లకొద్దీ తాగిన ఊళ్లలో మెడ తిరగక, వెన్ను కర్రలా బిగుసుకున్నవాళ్లు కనబడతారు. అక్కడ గట్టిపడింది కండరం కాకపోవచ్చు, ఎముకను పట్టి ఉంచే నారే సున్నంలా మారి ఉండొచ్చు. అలాంటి వెన్నును లాగే ముందు ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించాలి.